కొండలెక్కిన గడియారము

గడియారము మన యిండ్లలోనికి నిన్నమొన్న వచ్చినదే కాని, కాలమును కొలుచు విద్య మనకు క్రొత్తది కాదు. పగటివేళ తన నీడను తానే అడుగులతో కొలిచి ప్రొద్దెంత యెక్కినదో చెప్పు పెద్దలును, రాత్రివేళ గొల్లకావడిని, పిల్లలకోడిని చూచి మోట కట్టుటకు లేచు రైతులును కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో ఏ యూరనైనను ఉండెడివారు. పెండ్లి ముహూర్తమునకు పురోహితుడు నీళ్లగంగాళములో చిల్లిగిన్నెను వదలి, అది మునిగినపుడు ఒక ఘడియ యని లెక్క పెట్టెడివాడు. ఘడియ యనగా 24 నిమిషములు. గడియారమను పేరునకు మూలము ఆ ఘడియయే.

ఇవన్నియు ఒకచోట నిలిచి వాడుకొను సాధనములు. గంగాళమును తలపై పెట్టుకొని కొండ యెక్కలేము. మబ్బు కమ్మిన నీడయు లేదు, చుక్కయు లేదు. తెలియని దేశములలో తిరుగువానికి వేరొక సాధనము కావలసి వచ్చెను. అది తడిసినను నిలువరాదు, రాతికి తగిలినను నిలువరాదు, మంచులోను ఎండలోను ఒకే తీరున నడువవలెను. అట్టి గడియారమొకటి నేడు ఎక్స్‌ప్లోరరు, అనగా అన్వేషకుడు, అను పేరుతో జెనీవా నగరపు రోలెక్సు సంస్థవారిచేత చేయబడి, లక్షల రూపాయల వెలకు అమ్ముడుపోవుచున్నది. దానిని ధరించువారిలో చాలమంది ఏ కొండనైనను ఎక్కినవారు కారు. ఆ మాట తరువాత చెప్పెదను.

ఈ కథకును మన గోదావరి తీరమునకును ఏమి సంబంధమని మీ రడుగవచ్చును. ఒక సంబంధము ఉక్కు. రెండవది ఒక మనుష్యుని పేరు.

మొదట ఉక్కు సంగతి. చావి త్రిప్పు గడియారమునకు ప్రాణము దాని లోపల చుట్టచుట్టుకొనియున్న స్ప్రింగు. చావి త్రిప్పినపుడు ఆ చుట్ట బిగియును. బిగిసినది మెల్లమెల్లగా విప్పుకొనుచు చక్రములను త్రిప్పును. అటునిటు ఊగు చిన్న చక్రమొకటి, వెండ్రుకవంటి మరియొక స్ప్రింగుతో కూడి, ఆ విప్పుకొనుటను క్షణక్షణమునకు ఆపి వదలుచుండును. ఉక్కులో ఒకచోట మెత్తదనము, ఒకచోట పెళుసుదనము ఉన్నచో చుట్ట సాగిపోవును, లేదా విరిగిపోవును. ఆరంభమునుండి చివరివరకు ఒకే గుణముగల ఉక్కు లేనిది మంచి గడియారము లేదు.

ఇంగ్లండు దేశమున డాంకాస్టరు అను పట్టణములో బెంజమిను హంట్స్‌మను అను గడియారములు చేయువాడొకడుండెను. తనకు దొరకు ఉక్కు స్ప్రింగులకు పనికిరాకుండుటచే విసిగి, 1740వ సంవత్సర ప్రాంతమున షెఫీల్డు దగ్గరకు మకాము మార్చి, ఉక్కును మట్టిమూసలలో పెట్టి, బొగ్గునుండి చేసిన కోకు మంటతో పూర్తిగా కరగించు పద్ధతిని తన ప్రయోగములచేత సాధించెను. కరగిన ఉక్కు నీటివలె ఒకే తీరుగా కలిసిపోవును. షెఫీల్డు నగరపు ఉక్కు ప్రతిష్ఠకు పునాది ఆ మూసలే. ఒక గడియారపువాని చిన్న యవసరమునుండి ఒక దేశపు పరిశ్రమ లేచినదని ఆ దేశపు చరిత్రకారులు గర్వముతో వ్రాయుదురు, వ్రాయవలసినదే.

అయితే మూసలో ఉక్కును వండు విద్య మన ప్రాంతమున అంతకు ఎన్నియో తరముల ముందునుండియే యుండెను. నిజామాబాదు జిల్లా కమ్మరపల్లి ప్రాంతమున కోనసముద్రమను గ్రామము గలదు. నిర్మల దగ్గర దిందుర్తి యున్నది. అక్కడి నేలలో అయస్కాంతగుణముగల ఇనుపరాయి దొరకును. ఆ రాతిని దంచి, కడిగి, బొగ్గుతో కొలిమిలో కరగించి ఇనుము తీసెడివారు. ఆ యినుమును వరిపొట్టు కలిపి చేసిన మట్టిమూసలో ఉంచి, ఆకులో కట్టెపేళ్లో చేర్చి, మూతిని మట్టితో మూసి, కొలిమిలో పేర్చి, తిత్తులతో ఒక పగలును ఒక రాత్రియు ఎడతెగక ఊదెడివారు. లోపలి ఆకు బొగ్గై ఇనుములో కలిసి దానిని ఉక్కు చేయును. తరువాత తొందరపడక చల్లారనిచ్చి మూసను పగులగొట్టినచో అరచేతిలో పట్టు ఉక్కుముద్ద బయటపడును. పాశ్చాత్యులు దీనిని వూట్జు అని పిలిచిరి. ఆ పదము మన దక్షిణదేశపు ‘ఉక్కు’ అను మాటయే నోరు మారి అట్లయినదని పండితుల అభిప్రాయము. దమాస్కసు కత్తులని లోకమంతయు పొగడిన కత్తుల పొరలలో మెరసినది ఇటువంటి దక్షిణదేశపు ఉక్కే. పదునేడవ శతాబ్దమున డచ్చి వర్తకులు గోల్కొండ రాజ్యపు ఉక్కును మచిలీపట్టణపు రేవునుండి పారసీకదేశమునకు ఓడలలో పంపుచుండిరి. 1795లో జార్జి పియర్సను అను శాస్త్రజ్ఞుడు లండను రాయల్ సొసైటీలో ఈ ఉక్కును గురించి వ్యాసము చదివెను. తరువాత మైకేలు ఫారడే అంతవాడు దీని గుట్టు తెలిసికొనుటకు ప్రయోగములు చేసెను.

కోనసముద్రపు కొలిమిని కన్నులార చూచి వ్రాసినవారిలో హెన్రీ వాయ్సీ యొకడు. ఇతడు వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు. హైదరాబాదు రాజ్యమున దేశమును కొలుచుచుండిన సర్వే బృందముతో తిరిగెను. ఇతడు కోనసముద్రమునకు పోయినపుడు అక్కడ ఇస్ఫహాను నగరమునుండి వచ్చిన పారసీక వర్తకుడొకడు కూర్చుండి, ఉక్కుముద్దలను తన కన్నులయెదుటనే చేయించి, పరీక్షించి కొనుచుండెనట. తమ దేశమున ఇట్లే చేయజూచి విఫలులైతిమని ఆ వర్తకుడే చెప్పెను. వాయ్సీ 1824లో మరణించెను. అతడు వ్రాసిన వృత్తాంతము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. అందులో మూస కొలతయు, తిత్తుల సంగతియు, వర్తకుని సంగతియు ఉన్నవి కాని, ఆ కొలిమి నూదిన కమ్మరిని పేరుతో నెవ్వరును జ్ఞాపకముంచుకొనలేదు. పారసీకుడు మాత్రము హాజీ హుసేనని పేరుతో మిగిలినాడు. కొన్నవాని పేరు దక్కినది, చేసినవానిది దక్కలేదు. చౌకగా వచ్చిన విదేశపు ఉక్కు పోటీకి ఆగలేక, పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి ఆ కొలుములు దాదాపు చల్లారిపోయెను. మన పొలములలో దున్నునపుడు బయటపడు నల్లని చిట్టెము వారి గురుతు. 2010లో బెంగుళూరునందలి నియాస్ సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణ జిల్లాలలో ఊరూరు తిరిగి, ఇనుము, ఉక్కు వండిన గురుతులుగల స్థలములను రెండు వందలకు పైగా నమోదు చేసిరి. అంతవరకు ఆ చిట్టెము మనకు నాగలికఱ్ఱుకు తగులు అడ్డు మాత్రమే.

ఇక రెండవ సంబంధము. వాయ్సీ తిరిగిన సర్వే బృందమునకు అధిపతి కర్నల్ విలియం లాంబ్టను. 1802లో మదరాసునుండి ఈయన దేశమును త్రిభుజములుగా విభజించి కొలుచు మహాకార్యమును ప్రారంభించెను. ఒక కొండపైనుండి మరి రెండు కొండలకు కోణములు చూచి, లెక్కవేసి, ఆ రెండింటినుండి ముందుకు సాగుట ఆ పని. దానికి వాడిన థియొడొలైటు అను కోణయంత్రము అరటన్ను బరువు. గడియారము నక్షత్రములను చూచు వేళ కావలసినది. భూమి తన చుట్టు తాను ఒక అంశ తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును. కనుక ఒక చోటికిని మరియొక చోటికిని గల మధ్యాహ్నపు తేడా తెలిసిన, ఆ రెండింటికి నడుమ తూర్పుపడమరల దూరము తెలియును. కరీంనగరులో సూర్యుడు నడినెత్తికి వచ్చుట, దేశమంతటికి ఒకటిగా పెట్టుకొన్న మన గడియారపు పండ్రెండు గంటలకన్న సగటున సుమారు 13 నిమిషములు ఆలస్యమగును. ఆదిలాబాదులో మరి రెండు మూడు నిమిషములు. గడియారము ఒక్క నిమిషము తప్పినచో మన ప్రాంతమున లెక్క సుమారు పదునాఱు మైళ్లు తప్పును. ఇంగ్లండున జాన్ హారిసను అను వడ్రంగి 1759లో పూర్తిచేసిన గడియారము, ఓడలో జమెయికా ద్వీపమునకు పోవునపుడు 81 దినములలో సుమారు 5 సెకండ్లు మాత్రమే తప్పినదని ప్రపంచమంతయు ఆశ్చర్యపడినది ఇందుచేతనే. అయితే ఓడలోని గది వేరు, ఎడ్లబండి వేరు. మన త్రోవల కుదుపునకు నాటి సున్నితపు గడియారములు తాళలేవు. కావున భూమిపై సర్వేవారు గడియారముకన్న త్రిభుజములనే యెక్కువ నమ్మిరి.

లాంబ్టనునకు సహాయకుడుగా 1818లో నియమింపబడినవాడు జార్జి ఎవరెస్టు. మరుసటి వర్షకాలమున కృష్ణా గోదావరుల నడుమ త్రిభుజములు వేయుటకు ఇతనిని పంపిరి. వానలు వెలిసిన నడిమి దినములలో గాలిలోని దుమ్ము అణగి, దూరపు కొండలు స్పష్టముగ కనబడునని వానకాలమున పని పెట్టెడివారు. చూపునకు మంచి కాలము, ఒంటికి చెడ్డ కాలము. 1819లో యెల్లాపురము అడవిలో బృందమంతటికిని జ్వరము తగిలెను. ఎవరెస్టు పడెను, వాయ్సీ పడెను, జెండాలు పాతువారు, బోయీలు, సిపాయీలు, వంటవారు, సుమారు 150 మంది పరివారము పడిపోయెను. హైదరాబాదునుండి పల్లకీలు, ఏనుగులు, బండ్లు పంపి వారిని తెప్పించవలసి వచ్చెను. పదునైదుగురు త్రోవలోనే మరణించిరి. ఆ జ్వరము దోమవలన వచ్చునని తేలుటకు 1897వ సంవత్సరము రావలెను. దానిని కనుగొన్న రొనాల్డు రాసు పనిచేసినదియు మన సికింద్రాబాదులోనే. ఎవరెస్టు ఆరోగ్యమునకై దక్షిణాఫ్రికా కొననున్న కేప్‌నకు పోయి కోలుకొని తిరిగి వచ్చెను. లాంబ్టను 1823 జనవరి 20న, హైదరాబాదునుండి నాగపురమునకు తరలుచు హింగన్‌ఘాటువద్ద మరణించెను. నిర్మల, ఆదిలాబాదులు దాటి మనము నేడు నాగపురము పోవు రోడ్డులో ఆ యూరు తగులును.

తరువాత ఎవరెస్టు 1830నుండి 1843వరకు దేశమునకంతటికి సర్వేయరు జనరలుగా నుండి, త్రిభుజముల వరుసను హిమాలయముల పాదమువరకు కొనిపోయెను. ఆయన పదవి విడిచిన తరువాత, 1852 ప్రాంతమున, రాధానాథ సిక్దారు ప్రధాన గణకుడుగా నున్న కాలమున, ఒక శిఖరము అన్నింటికంటె ఎత్తైనదని లెక్కలో తేలెను. 1856లో 29,002 అడుగులని ప్రకటించిరి. అప్పటి సర్వేయరు జనరలు ఆండ్రూ వా దానికి తన గురువు పేరు పెట్టదలచెను. తన పేరు ఈ దేశపు లిపులలో వ్రాయుటకు కుదరదని ఎవరెస్టే ఆక్షేపించెను. ఆక్షేపణ చెల్లలేదు; 1865లో పేరు స్థిరపడెను. మనము తెలుగులో చక్కగనే వ్రాయుచున్నాము గాని, ఆ కొండకు టిబెటువారు పెట్టుకొన్న చొమొలుంగ్మా అను పేరు అంతకుముందే యుండెనని మరువరాదు. యెల్లాపురపు త్రోవలో పడిపోయిన పదునైదుగురి పేరు ఏ గుట్టకును పెట్టబడలేదు.

అదే సర్వేశాఖ తరువాత టిబెటునకు రహస్యముగా పంపిన నైన్‌సింగు రావతు సంగతియు ఇక్కడనే చెప్పవలెను. 1865లో బయలుదేరిన ఇతడు యాత్రికుని వేషమున, 108కి మారుగా 100 పూసలుగల జపమాలతో అడుగులు లెక్కపెట్టుచు లాసావరకు నడచెను. నూరడుగులకు ఒక పూస. ఆ పనికి మెచ్చి లండనునందలి భూగోళసంఘమువారు 1868లో అతనికి బంగారు గడియారమును బహూకరించిరి. నడచినవానికి గడియారము అందిన అరుదైన సందర్భమది.

అప్పటికి గడియారమన్న జేబుగడియారమే. గొలుసుతో అంగీకి తగిలించుకొని, మూత తెరచి చూచుట పెద్దమనుష్యుల లక్షణము. చేతికి కట్టుకొనునది ఆడువారి గాజువంటి ఆభరణమని ఐరోపాలో మగవారు నవ్వెడివారు. యుద్ధము ఆ నవ్వును మాన్పెను. 1914నుండి 1918వరకు జరిగిన మహాయుద్ధమున కందకములలో ఒక చేత తుపాకి, ఒక చేత నిచ్చెన పట్టినవానికి జేబు తడవుటకు మూడవ చేయి లేదు. పైకి దూకవలసిన నిమిషము తప్పిన ప్రాణము పోవును. యుద్ధమునుండి తిరిగివచ్చిన సిపాయి చేతనున్న గడియారమును చూచి మరి యెవ్వరును నవ్వలేదు.

ఈ మార్పును ముందుగ కనిపెట్టిన వర్తకుడు హాన్స్ విల్స్‌డార్ఫు. జర్మనీ దేశమున 1881లో పుట్టి, 1905లో లండనులో గడియారముల వర్తకము ప్రారంభించి, 1908లో రోలెక్సు అను పేరు నమోదు చేయించెను. చేతిగడియారము చిన్నది గనుక కాలము సరిగా చూపలేదని నాటి నమ్మకము. ఆయన తన గడియారమును క్యూ నక్షత్రశాలకు పంపగా, వారు 45 దినములు దానిని నిలువుగా, వెల్లకిల, బోర్ల, వేడిలో, మంచుపెట్టెలో ఉంచి పరీక్షించి, 1914లో మొదటి తరగతి యోగ్యతాపత్ర మిచ్చిరి. ఆ పరీక్ష అంతకుముందు ఓడల గడియారములకు పెట్టునది.

గడియారమునకు పరమశత్రువులు దుమ్ము, తడి. అవి ప్రవేశించునది ప్రక్కనున్న చావిపిడి సందుననే. 1926లో రోలెక్సువారు వెనుకమూతను, పిడిని కూడ మరలు త్రిప్పి బిగించునట్లు చేసి, దానికి ఆయిస్టరు, అనగా ముత్యపుచిప్ప, అని పేరు పెట్టిరి. మరుసటి యేడు మెర్సెడిస్ గ్లైట్జె అను యువతి ఇంగ్లీషు కాలువను ఈదుటకు దిగినపుడు ఆ గడియారమును మెడలో వేసికొనెను. చలికి తాళలేక ఆమెను మధ్యలోనే పడవలోనికి తీసిరి. గడియారము మాత్రము నడచుచునే యుండెను. ఈ సంగతిని ఆ సంస్థ పత్రికల మొదటి పుటలో ప్రకటించుకొనెను. మనిషి ఓడిన చోట వస్తువు గెలిచినదని చాటుట ఆ నాటినుండియే ఆరంభమయ్యెను. చావి త్రిప్పుటకు పిడిని పదే పదే విప్పినచో తడి చొరబడును. అందుచేత చేతి కదలికకే లోపల బరువొకటి తిరిగి స్ప్రింగును బిగించు ఏర్పాటును 1931లో చేర్చిరి. తనంత తాను బిగియు చేతిగడియారమును హార్వుడ్ అను ఆంగ్లేయుడు అంతకుముందే, 1923 ప్రాంతమున, చేసి చూపియుండెను. పై పెట్టెకు త్రుప్పు పట్టని ఉక్కు కావలెను. అది షెఫీల్డులోనే 1913లో హారీ బ్రేర్లీ చేత సిద్ధమైనది.

ఇక 1953. జాన్ హంటు నాయకత్వమున బ్రిటిషు బృందమొకటి నేపాళదేశపు ప్రక్కనుండి ఎవరెస్టు నెక్కుటకు వెళ్లెను. వారి సామాను మోసినవారు 362 మంది కూలీలు; వారితో 20 మంది షెర్పాలు. మే 29వ తేదీ ఉదయము ఆరున్నరకు ఎడ్మండు హిల్లరీ, టెన్‌సింగు నార్గే కడపటి గుడారమునుండి బయలుదేరి, పదకొండున్నరకు శిఖరమున నిలిచిరి. అచట వారున్నది సుమారు పదునైదు నిమిషములు. అంత తొందర యెందులకు? వీపుమీది ప్రాణవాయువు సీసాలో నిమిషమునకు ఇంతయని తగ్గుచుండును. ఎంత మిగిలినదో, ఎక్కుట కెంత, దిగుట కెంత యని హిల్లరీ త్రోవ పొడుగున మనసులో లెక్క వేయుచునే యుండెను. గడియారమక్కడ అలంకారము కాదు. మిగిలియున్న ఊపిరిని కొలుచు మానిక.

ఆ చలిలో సాధారణమైన నూనె చిక్కబడి చక్రములను పట్టివేయును. కావున యాత్రకిచ్చిన గడియారములకు శీతలమున చిక్కబడని నూనె వేసిరి. రోలెక్సువారు యాత్రకు గడియారములిచ్చిరి. ఇంగ్లండునందలి స్మిత్సు సంస్థవారును ఇచ్చిరి. శిఖరమున హిల్లరీ వెంటనున్నది తమదేయని స్మిత్సువారు ప్రకటించుకొనగా, ఎవరెస్టు విజయమున తమ గడియారములు పాలుగొన్నవని రోలెక్సువారు చాటుకొనిరి. ఈ తగవు గడియారముల ప్రియులలో నేటికిని నడచుచున్నది. నాకు తోచినంతవరకు, 362 మంది కూలీలలో ఎందరి చేతికి గడియారముండెనని అడుగుట ఇంతకన్న మంచి ప్రశ్న.

ఆ 1953వ సంవత్సరముననే షెర్పాల ఊళ్లకు వారి జీవితమును తెలిసికొనుటకు పోయిన శాస్త్రజ్ఞుడొకడు ఆదిలాబాదు జిల్లాకు బాగుగ తెలిసినవాడు. క్రిస్టఫు ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫు. కుమ్రం భీము మరణించిన తరువాత నిజాము ప్రభుత్వమువారి ప్రేరణచే గోండుల స్థితిగతులు విచారించుటకు వచ్చి, మార్లవాయిలో గుడిసె వేసికొని భార్యతో కాపురముండినవాడు. ఆమె 1987లో హైదరాబాదున మరణించగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. షెర్పాలను గురించి ఆయన వ్రాసిన గ్రంథము 1964లో వెలువడినది. కొండ యెక్కించువారును మనుష్యులే, వారికిని ఇల్లు, పొలము, పండుగ, అప్పు గలవని అది లోకమునకు చూపినది.

ఎవరెస్టు విజయము జరిగిన యేడే ఎక్స్‌ప్లోరరు గడియారము అంగళ్లకు వచ్చెను. నల్లని ముఖము, 3, 6, 9 అంకెలు పెద్దవిగా, పండ్రెండు చోట త్రికోణము, ఉక్కు పెట్టె, 36 మిల్లీమీటర్ల వెడల్పు. తేదీ లేదు, నగిషీ లేదు. చీకటిలో, మంచుపొగలో ఒక్క చూపునకు వేళ తెలియవలెనన్నదే దాని రూపమునకు కారణము. నా కది ఇప్పటికిని అందముగ తోచును. చీకటిలో మెరయుటకు మొదట రేడియము పూసెడివారు. అమెరికాలో 1920 ప్రాంతమున కుంచెను పెదవులతో మొనచేసి రేడియము పూసిన పడుచులు ఎముకలు కుళ్లి మరణించిన సంగతి ఆ వెలుగు వెనుక నున్నది. 1960 దాటిన పిమ్మట తక్కువ ప్రమాదముగల ట్రిటియమును, ఇరువదవ శతాబ్దము ముగియుచుండగా రేడియోధార్మికత లేని పూతను వాడసాగిరి. 1971లో గుహలలో తిరుగువారికొరకు, పగలో రాత్రియో తెలుపు నారింజవన్నె ముల్లుతో రెండవ ఎక్స్‌ప్లోరరు వచ్చెను.

అటుపిమ్మట దాని త్రోవ మారెను. 1969లో జపానువారు స్ఫటికముతో, బ్యాటరీతో నడచు చేతిగడియారమును విక్రయించిరి. స్ప్రింగు గడియారముకన్న అది ఎంతో ఖచ్చితము. కాలము తెలియుటకు ఎక్స్‌ప్లోరరుతో అవసరము తీరిపోయెను. అవసరము తీరిన వస్తువు మూలబడవలెను. ఇది మూలబడక సింహాసన మెక్కెను. 1989లో దానికి గీతపడని నీలమణి గాజును, అంకెల చుట్టు తెల్లబంగారమును చేర్చిరి. 2010లో 39 మిల్లీమీటర్లకు పెంచి, 2021లో మరల 36కు తగ్గించిరి. ఆ యేడే పసుపుబంగారము కలిపిన ఎక్స్‌ప్లోరరును కూడ అమ్మకమునకు పెట్టిరి. మంచుకొండపై పసిడితో పనియేమి? అయినను కొనువారు వరుసకట్టి నిలుచుచున్నారు. వారు కొనునది గడియారమును మాత్రమే కాదు. ఇతరులు పడిన కష్టమునకు గురుతును.

మన ఊళ్లలో గట్టి గడియారమనిన వేరు. 1961లో బెంగుళూరున ప్రభుత్వ సంస్థయగు హెచ్.ఎం.టి. వారు జపానువారి సిటిజన్ సంస్థ సహాయముతో చేతిగడియారములు చేయసాగిరి. పెండ్లిలో అల్లునికి పెట్టుటకు, కొడుకు పరీక్షలో నెగ్గినందుకు ఇచ్చుటకు అవియే. బడిపంతులు, పట్వారి, బస్సు కండక్టరు, బొగ్గుగనిలో దిగు కార్మికుడు, అందరి చేతులకు అవి ఇరువది ముప్పది యేండ్లు నడచెను. హైదరాబాదున 1942లో స్థాపితమైన ఆల్విన్ సంస్థయు 1980 తరువాత గడియారములు చేసెను.  మనుమలు వేళ చూచునది సెల్‌ఫోనులో.

ఎవరెస్టు నెక్కిన తెలుగువారిలో ఇద్దరిని గురించి చెప్పి విరమించెదను. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఎవరెస్టుతో సహా ఏడు ఖండముల ఏడు ఉన్నత శిఖరములను 172 దినములలో ఎక్కెను. 2015లో దక్షిణ అమెరికా ఆండీసు కొండలలో ప్రాణము విడిచెను. రెండవది మాలావతు పూర్ణ. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు లంబాడా కూలి కుటుంబమున పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివి, భువనగిరి బండపై త్రాడు పట్టుట నేర్చి, 2014 మే 25న టిబెటు ప్రక్కనుండి ఎవరెస్టు శిఖర మెక్కెను. అప్పటికామె వయస్సు పదమూడేండ్లు దాటి పదునాలుగు నిండలేదు. ఆ బృందమున ఆమెతో శిఖరము చేరినవాడు నాటి ఖమ్మం జిల్లా చర్ల ప్రాంతపు సాధనపల్లి ఆనందకుమారు. వీరిరువురి పేర్లును వార్తాపత్రికలలో అచ్చుపడినవి, బడిపుస్తకములలో చదువదగినవి. పూర్ణ పుట్టిన పాకాలయు, హాజీ హుసేను కూర్చుండి ఉక్కు కొనిన కోనసముద్రమును నిజామాబాదు జిల్లాలోనివే. కోనసముద్రమునకు పోవువారు ఊరివారి నడిగినచో మూసల పెంకులు దొరకు చోటు చూపుదురు. లోపలితట్టు నల్లగ, గాజువలె మెరయుచుండును.